వైర్‌లెస్ భద్రతా పరీక్ష - తెలుగు వీడియో పాఠం: సైబరాబాద్ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వైఫై వంటి వైర్‌లెస్ నెట్‌వర్కుల భద్రతను పరీక్షించడం ఒక వృత్తివిద్య. ఆ విద్య తరగతి గదిలో కన్నా వీడియో పాఠాల ద్వారానే ఎక్కువగా వ్యాపించింది. హైదరాబాదులోని హైటెక్ సిటీ, దాని చుట్టూ విస్తరించిన సైబరాబాద్ ప్రాంతం, ఈ విద్యార్థులకు శిక్షణనిచ్చిన అమీర్‌పేట ఈ వ్యాసానికి భూమిక. వైర్‌లెస్ ప్రమాణాల బలహీనతలు, తెలుగునాట దృశ్యపాఠ సంప్రదాయం, సమాచార సాంకేతిక చట్టంలో వచ్చిన మార్పులు అనే మూడు చరిత్రలను కలిపి చూస్తే, ఈ పాఠాలకు కేంద్రమైన ప్రశ్న సాంకేతికమైనది కాదని, అది యజమాని అనుమతికి సంబంధించినదని తేలుతుంది. ఆ ప్రశ్నను తెలుగు పాఠం ఎలా పలుకుతున్నదో, ఎక్కడ పలకలేకపోతున్నదో చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వైర్‌లెస్ భద్రత, వీడియో పాఠం, సైబరాబాద్, అమీర్‌పేట, సమాచార సాంకేతిక చట్టం, అనుమతి, బోధనా భాష.

1. ఉపోద్ఘాతం

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. అంతకు ఏడాది ముందు, 1997లో, ఐఈఈఈ సంస్థ 802.11 అనే వైర్‌లెస్ ప్రమాణాన్ని వెలువరించింది. ఈ రెండు సంఘటనలకూ అప్పటికి ఏ సంబంధమూ లేదు. సైబర్ టవర్స్‌లోని తొలి కార్యాలయాలు తీగలతో అల్లుకున్నవే. కాని తరువాతి ఇరవై ఏళ్లలో ఆ ప్రాంతంలోని కార్యాలయాలు, వసతి గృహాలు, ఫలహారశాలలు, అపార్ట్‌మెంట్లు అన్నీ 802.11 సంకేతాలతో నిండిపోయాయి. తీగ ఉన్న నెట్‌వర్కుకు గోడే కాపలా. తీగ లేని నెట్‌వర్కు సంకేతం గోడ దాటి వీధిలోకి వస్తుంది. అందువల్ల దాని భద్రతను ఎప్పటికప్పుడు పరీక్షించవలసిన అవసరం ఏర్పడింది. ఆ పరీక్షను నేర్పవలసిన అవసరం దాని వెంటే వచ్చింది.

భద్రతను పరీక్షించే పద్ధతి, భద్రతను భంగపరచే పద్ధతి సాంకేతికంగా ఒకటే. పరికరాలు, ఆదేశాలు, ఫలితం అన్నీ సమానం. తేడా చేసే వ్యక్తికి ఉన్న హక్కులో, అతని ఉద్దేశంలో మాత్రమే ఉంటుంది. ఈ తేడా వీడియో తెరమీద కనబడదు. దాన్ని మాటల్లోనే చెప్పాలి. అందుచేత ఈ పాఠాల చరిత్రలో భాష అనుబంధ విషయం కాదు, ప్రధాన విషయమే.

2. వైర్‌లెస్ భద్రత: బలహీనతల చరిత్ర

802.11 ప్రమాణంలో మొదటి రక్షణ ఏర్పాటు పేరు వెప్. తీగతో సమానమైన గోప్యత కల్పించడం దాని ఆశయం. పంపే ప్రతి సమాచార ఖండాన్ని ఒక రహస్య తాళంచెవితోను, 24 బిట్ల ప్రారంభ సంఖ్యతోను కలిపి గుప్తీకరించడం దాని పద్ధతి. 24 బిట్లతో ఏర్పడే సంఖ్యలు సుమారు 1 కోటి 67 లక్షలు మాత్రమే. రద్దీగా ఉన్న నెట్‌వర్కులో అవి త్వరగా అయిపోయి మళ్లీ మళ్లీ వస్తాయి. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిలో వాడిన ఆర్‌సీ4 గుప్తీకరణలోని లోపాన్ని నిరూపించారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు వెప్ తాళంచెవిని ఒక్క నిమిషం లోపలే కనుగొనవచ్చునని చూపారు. వెప్ స్థానంలో 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. 2017లో మాథీ వాన్‌హోఫ్ డబ్ల్యూపీఏ2లోని లోపాన్ని క్రాక్ అనే పేరుతో ప్రకటించగా, 2018లో డబ్ల్యూపీఏ3 ప్రమాణం వెలువడింది. రక్షణ, భంగం, మళ్లీ రక్షణ అనే ఈ క్రమమే పరీక్షకుల వృత్తికి పునాది.

ఈ బలహీనతలు హైదరాబాదు ఉద్యోగాలను తాకిన మార్గం అమెరికా మీదుగా వచ్చింది. అక్కడి టీజేఎక్స్ అనే చిల్లర వర్తక సంస్థ నెట్‌వర్కులోకి, సరైన రక్షణ లేని ఒక దుకాణపు వైర్‌లెస్ నుంచి నేరగాళ్లు చొరబడి కోట్లాది చెల్లింపు కార్డుల వివరాలు తస్కరించారు. 2007లో ఆ సంగతి బయటపడింది. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం 2010 జూన్ 30 తరువాత వెప్ వాడకాన్ని నిషేధించింది. అనధికార వైర్‌లెస్ పరికరాలున్నాయేమో మూడు నెలలకొకసారి వెతకాలన్న నియమం కూడా అదే ప్రమాణంలో భాగం. విదేశీ బ్యాంకులకు, వర్తక సంస్థలకు సేవలందించే కంపెనీలు ఇటువంటి నియమాలకు తామూ లోబడవలసి వచ్చింది. ఆ విధంగా వైర్‌లెస్ పరీక్ష ఆసక్తిపరుల వ్యాపకం నుంచి ఉద్యోగ అర్హతగా మారింది.

భారతదేశంలో ఈ విషయాన్ని సామాన్యుల చర్చలోకి తెచ్చినది 2008. ఆ ఏడాది జూలైలో జరిగిన అహ్మదాబాదు పేలుళ్లకు ముందు పంపిన బెదిరింపు ఈమెయిల్, నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ పౌరుని ఇంటి వైఫై గుండా వెళ్లినట్లు దర్యాప్తులో తేలింది. రక్షణ లేని నెట్‌వర్కు యజమాని అనుమానితుడయ్యాడు. 2009 ఫిబ్రవరి 23న టెలికాం శాఖ, వైఫై ద్వారా అంతర్జాల సేవలందించేవారు వాడుకదారుల గుర్తింపును నిర్ధారించుకోవాలని ఆదేశాలిచ్చింది. 2005 జనవరిలోనే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల వాడకానికి లైసెన్సు అవసరం లేదని కేంద్రం ప్రకటించి వైఫైకి తలుపు తెరిచింది. నాలుగేళ్లకే ఆ తలుపుకు గడియ పెట్టవలసి వచ్చింది.

3. తెలుగునాట దృశ్యపాఠం

వీడియో ద్వారా బోధించడం తెలుగునాట అంతర్జాలంతో మొదలు కాలేదు. 1982లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. తరగతికి రాలేని ఉద్యోగులకు, గృహిణులకు తెలుగులో ఉన్నతవిద్య అందించడానికి అది ముద్రిత పాఠాలతోపాటు ప్రసార మాధ్యమాలను ఆశ్రయించింది. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయాల నిధుల సంఘం ఉపగ్రహం ద్వారా దేశవ్యాప్త తరగతి ప్రసారాలను ప్రారంభించింది. ఆ తరువాత మన టీవీ, 2017 నుంచి టీ-శాట్ విద్య, నిపుణ ఛానళ్లు ఇదే బాటలో నడిచాయి.

ఈ సంస్థాగత ధారకు ఒక లక్షణం ఉంది. పాఠాన్ని విషయ నిపుణుడు రాస్తాడు, మరొకరు పరిశీలిస్తారు, స్టూడియోలో చిత్రీకరిస్తారు. చెప్పకూడనిది చెప్పే అవకాశం తక్కువ. కాని పాఠం తయారవడానికి నెలలు పడుతుంది. మారుతున్న సాంకేతికతను ఆ వేగంతో అందుకోవడం కష్టం.

రెండవ ధార అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్ పరిసరాల్లో వెలసిన సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలు హైటెక్ సిటీకి పెరటి బడి వంటివి. గోడలనిండా ఫ్లెక్సీలు, ఉచిత డెమో తరగతి, జిరాక్స్ నోట్సు, నెలా రెండు నెలల కోర్సు వాటి స్వరూపం. కళాశాల పాఠ్యప్రణాళికలోకి ఒక విషయం రాకముందే అమీర్‌పేటలో దాని బ్యాచ్ మొదలయ్యేది. జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులకు అక్కడి బోధన తెలుగు, ఇంగ్లీషు కలగలిసిన మాటలో సాగింది. అంతర్జాల వేగం పెరిగాక ఆ తరగతులే ఆన్‌లైన్ శిక్షణగా, రికార్డు చేసిన పాఠాలుగా మారి అమెరికాలోని తెలుగువారి దాకా వెళ్లాయి. ఇక్కడ వేగం ఉంది. పరిశీలకుడు లేడు.

మూడవ ధార ప్రభుత్వ నిధులతో నడిచిన బహుభాషా పాఠాలది. విద్యలో సమాచార సాంకేతికత వినియోగానికి జాతీయ మిషన్‌ను 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో ప్రారంభించారు. వైఫైకి గడియ పెట్టిన టెలికాం శాఖ ఆదేశం కూడా అదే నెలలోనిది కావడం గమనార్హం. జ్ఞానాన్ని తెరవడం, నెట్‌వర్కును మూయడం ఒకే కాలపు రెండు అవసరాలు. ఈ మిషన్ సహాయంతో ఐఐటీ బొంబాయి చేపట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ పథకం దృశ్యపాఠ రచనకు ఒక క్రమశిక్షణ నేర్పింది. పాఠం సుమారు పది నిమిషాలు. ప్రతి పాఠానికీ ముందే రాసిన ప్రతి ఉంటుంది. అందులో ఒక వరుస తెరమీద జరిగే పని, మరొక వరుస వినిపించే మాట. తెర ఇంగ్లీషులోనే ఉంటుంది, గొంతు మాత్రం తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి మారుతుంది. విషయం తెలియని కొత్తవాడికి చూపి, అతను అర్థం చేసుకోగలిగాడా అని పరీక్షించాకే పాఠం విడుదలవుతుంది. తెర ఒక భాష, గొంతు మరొక భాష అనే ఈ నమూనాయే తరువాతి తెలుగు సాంకేతిక వీడియోలన్నిటిలోనూ, తెలిసో తెలియకో, కనిపిస్తుంది.

4. వైర్‌లెస్ పాఠానికి వీడియో ఎందుకు?

వైర్‌లెస్ భద్రతను పుస్తకంతో నేర్పడం కష్టం. రేడియో తరంగం కంటికి కనబడదు. ఒక పరికరం నెట్‌వర్కులో చేరేటప్పుడు యాక్సెస్ పాయింట్‌తో నాలుగు సందేశాలు మార్చుకుంటుంది. హ్యాండ్‌షేక్ అనే ఆ ప్రక్రియ క్షణంలో ముగుస్తుంది. దాన్ని తెరమీద జరుగుతుండగా చూడాలి, ఆపి మళ్లీ చూడాలి. ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు అన్నిటికీ పనికిరాదు. చుట్టూ ఉన్న సంకేతాలన్నిటినీ వినగలిగే మానిటర్ స్థితికి అది మారగలగాలి. ఎక్కడ పని ఆగిపోతుందో, ఆగినప్పుడు ఏ సందేశం వస్తుందో వీడియో చూపగలిగినట్లు అచ్చు పుట చూపలేదు. 2006లో వచ్చిన ఎయిర్‌క్రాక్-ఎన్‌జీ, బ్యాక్‌ట్రాక్, 2013 మార్చిలో బ్యాక్‌ట్రాక్ స్థానంలో వచ్చిన కాళీ లినక్స్ ఉచితంగా దొరకడంతో, పాఠం చూసిన వారెవరైనా ఇంట్లోనే ప్రయోగం చేయగలిగారు.

ఈ రంగంలో భారతీయ దృశ్యపాఠానికి మార్గదర్శి హైదరాబాదు వ్యక్తి కాదు. పుణేలోని ఎయిర్‌టైట్ నెట్‌వర్క్స్‌లో పనిచేసిన వివేక్ రామచంద్రన్, మహమ్మద్ సోహైల్ అహ్మద్ 2007లో అమెరికాలోని టూర్‌కాన్ సదస్సులో కెఫే లాటే అనే దాడి పద్ధతిని వివరించారు. కార్యాలయపు యాక్సెస్ పాయింట్ దగ్గర లేకపోయినా, ఎక్కడో కాఫీ దుకాణంలో ఉన్న ఉద్యోగి ల్యాప్‌టాప్ నుంచే వెప్ తాళంచెవిని రాబట్టవచ్చునని వారు నిరూపించారు. రామచంద్రన్ స్థాపించిన సెక్యూరిటీట్యూబ్, వైర్‌లెస్ లాన్ భద్రతపై వరుస వీడియో పాఠాలను ఉచితంగా అందించింది. 2011లో ఆయన బ్యాక్‌ట్రాక్ 5తో వైర్‌లెస్ పరీక్షపై పుస్తకం కూడా ప్రచురించారు. సమాచార ఖండం నిర్మాణం మొదలుకొని దాడి, రక్షణల వరకు మెట్టు మెట్టుగా సాగే ఆ క్రమం, సాధనం నేర్పడానికీ శాస్త్రం నేర్పడానికీ గల తేడాను తెలిపింది. కాని ఆ పాఠాల భాష ఇంగ్లీషు.

సైబరాబాద్ ప్రాంతంలో ఈ పాఠాన్ని చిత్రీకరించడంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2014లో సైబర్ టవర్స్ నుంచి మాదాపూర్ పోలీస్‌స్టేషన్ వైపు, కొత్తగూడ కూడలి వైపు, మైండ్‌స్పేస్ వైపు రహదారులపై ప్రభుత్వ సహకారంతో బహిరంగ వైఫై వచ్చింది. దానికి తోడు గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్ వసతి గృహాల్లో అంతస్తుకో రౌటరు. అటువంటి చోట మానిటర్ స్థితిలో తెరను రికార్డు చేస్తే పక్క గదుల, పక్క భవనాల నెట్‌వర్కు పేర్లు, పరికరాల సంఖ్యలు అన్నీ వీడియోలో పడతాయి. బోధకుడు తన సొంత రౌటరునే పరీక్షిస్తున్నా, అడగకుండానే ఇరుగుపొరుగుల వివరాలు లోకానికి వెల్లడవుతాయి. తన రౌటరు ఛానల్‌కే పరిశీలనను పరిమితం చేయడం, రికార్డు చేశాక ఇతరుల వివరాలను మసకబార్చడం, పాతబడిన రౌటరుతో వేరుగా ప్రయోగశాల ఏర్పరచుకోవడం ఈ కారణంగా పాఠ నిర్మాణంలో భాగమవుతాయి. వీటిని సాంకేతిక జాగ్రత్తలనడం కన్నా పొరుగువారి పట్ల మర్యాద అనడం సరైనది.

5. చట్టం: ఒక మాట తొలగిపోవడం

2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టంలో 66వ సెక్షన్ శీర్షికలో హ్యాకింగ్ అనే మాట ఉండేది. 2008లో ఆమోదం పొంది 2009 అక్టోబరు 27న అమలులోకి వచ్చిన సవరణ ఆ మాటను తొలగించింది. దాని బదులు, 43వ సెక్షన్‌లో పేర్కొన్న పనిని నిజాయితీ లేకుండాగాని మోసపూరితంగాగాని చేస్తే నేరమని నిర్వచించింది. మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 43వ సెక్షన్‌కు మూలాధారం యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకపోవడం. అనుమతి లేని ప్రవేశానికి, నష్టం కలిగించే ఉద్దేశం లేకపోయినా, పరిహారం చెల్లించవలసి రావచ్చు.

ఈ సవరణకు బోధనాపరమైన ప్రాముఖ్యం ఉంది. చట్టం దృష్టిలో హ్యాకింగ్ అనే పేరుకు విలువ లేదు, అనుమతికి, ఉద్దేశానికి విలువ ఉంది. కాని తెలుగు పత్రికల్లో, సంభాషణలో ఆ మాట నేరానికి పర్యాయపదంగా కొనసాగింది. దానికి విరుగుడుగా శిక్షణ ప్రకటనల్లో ఎథికల్ హ్యాకింగ్ అనే పదబంధం వాడుకలోకి వచ్చింది. నైతికం అన్న విశేషణం కోర్సు పేరులో ఉండటం వల్ల అనుమతి లభించదు. ప్రతి పరీక్షకూ, ప్రతి నెట్‌వర్కుకూ అనుమతి వేరుగా, వీలైనంతవరకు రాతపూర్వకంగా ఉండాలి. దాని పరిధి, కాలవ్యవధి స్పష్టంగా ఉండాలి. అద్దె గదిలోని రౌటరుకు యజమాని ఎవరు? వసతి గృహం నడిపేవారా, డబ్బులు పోగుచేసి కనెక్షన్ పెట్టించుకున్న ఆరుగురు మిత్రులా? ఇటువంటి ప్రశ్నలే పరీక్ష నేర్చుకునే విద్యార్థికి నిజంగా ఎదురయ్యేవి. నేరానికి ప్రోత్సహించడాన్ని కూడా శిక్షార్హం చేస్తూ అదే సవరణ 84బి సెక్షన్‌ను చేర్చింది కాబట్టి బోధకుడు కూడా ఈ ప్రశ్నకు బయట ఉండలేడు.

వేదికలు కూడా ఈ విభజనను సులభంగా చేయలేకపోయాయి. 2019లో, హ్యాకింగ్ నేర్పే వీడియోలపై యూట్యూబ్ విధించిన నిషేధం చర్చనీయాంశమైంది. సురక్షిత బోధన చేస్తున్న ఒక అమెరికన్ ఛానల్ వీడియోను తొలగించి, పొరపాటని ఒప్పుకొని తిరిగి చేర్చింది. తెర చూసి పాఠానికీ నేరానికీ తేడా చెప్పలేమన్న సత్యాన్ని ఈ ఘటన ధ్రువపరచింది.

6. తెలుగు గొంతు: రెండు ధారల మధ్య ఖాళీ

సైబరాబాద్ ప్రాంతంలో భద్రతా అవగాహనకు సంస్థాగత కృషి జరిగింది. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ ఏర్పడింది. పోలీసులు, ఐటీ పరిశ్రమ కలిసి సైబరాబాద్ భద్రతా మండలిని నెలకొల్పారు. కేంద్ర ప్రభుత్వ సమాచార భద్రతా విద్య, అవగాహన పథకంలో అవగాహన విభాగానికి హైదరాబాదు సీడాక్ కేంద్రం ప్రధాన నిర్వాహక. పిల్లలకు, మహిళలకు, ఉద్యోగులకు తెలుగుతో సహా పలు భాషల్లో కరపత్రాలు, పుస్తకాలు, వీడియోలు అది రూపొందించింది. వైఫై సంకేతపదం మార్చండి, బహిరంగ వైఫైలో బ్యాంకు లావాదేవీలు చేయకండి అనే హితవులు అలా తెలుగు ఇళ్లకు చేరాయి. 2020లో కరోనా కారణంగా ఇల్లే కార్యాలయమై, ఇంటి రౌటరే కంపెనీ నెట్‌వర్కుకు వాకిలి అయినప్పుడు ఈ హితవుల విలువ పెరిగింది.

అయితే హితబోధ ఏమి చేయాలో చెబుతుంది. ఎందుకు చేయాలో, ఎలా పరీక్షించాలో చెప్పదు. దానికి భిన్నంగా శిక్షణ పాఠాలు ఎలాగో చూపుతాయి. వాటిలో నామవాచకాలన్నీ ఇంగ్లీషువి, క్రియలు మాత్రమే తెలుగువి. ప్యాకెట్ క్యాప్చర్ చేద్దాం, హ్యాండ్‌షేక్ వచ్చిందో లేదో చూద్దాం అన్న తీరు అది. సాంకేతిక పదాలు ఇంగ్లీషులో ఉండటం దోషం కాదు. పరీక్షకుడు రేపు వాడవలసినవి ఆ పదాలే. లోపం మరొక చోట ఉంది.

తెలుగు సాంకేతిక పాఠం సహజంగా మనం అనే సర్వనామంతో నడుస్తుంది. ఇప్పుడు మనం ఈ నెట్‌వర్కును ఎంచుకుందాం అంటాడు బోధకుడు. తెలుగులో మేము, మనం అన్న భేదం ఉంది. మేము వినేవారిని వెలుపల ఉంచుతుంది, మనం కలుపుకుంటుంది. ఇంగ్లీషు సర్వనామానికి ఆ భేదం లేదు. బోధకుడు మనం అన్న క్షణంలో చూసేవాడు ఆ పనిలో భాగస్వామి అవుతాడు. వంట పాఠంలో ఈ కలుపుగోలుతనం గుణం. వైర్‌లెస్ పాఠంలో అదే చిక్కు తెస్తుంది. ఎందుకంటే ఆ మనంలో బోధకుడు, విద్యార్థి ఇద్దరే ఉన్నారు, నెట్‌వర్కు యజమాని లేడు. ఈ నెట్‌వర్కు అన్న మాటలోనూ అది ఎవరిదో తెలియదు. బోధకుని తెరమీద అది అతని సొంత రౌటరు. చూసిన విద్యార్థి గదిలో అదే వాక్యం పక్కింటివారి రౌటరుకు అన్వయిస్తుంది. వీడియో మొదట్లో ఇంగ్లీషులో క్షణకాలం కనబడే హెచ్చరిక ఈ అన్వయాన్ని ఆపలేదు.

దీనికి పరిష్కారం కూడా భాషలోనే ఉంది. ఇది నా రౌటరు, దీన్ని నేను పరీక్షిస్తున్నాను, మీరు చేయాలంటే మీ సొంత రౌటరు ఉండాలి, లేదా యజమాని రాసిచ్చిన అనుమతి ఉండాలి అని ప్రతి ప్రయోగానికి ముందు తెలుగులోనే చెప్పడం కష్టమైన పని కాదు. నాది, మీది, వారిది అన్న విభజన తెలుగులో స్పష్టంగా పలుకుతుంది. స్పోకెన్ ట్యుటోరియల్ పద్ధతిలో తెర, మాట అని రెండు వరుసలు రాసుకున్నట్లే, అనుమతి అనే మూడవ వరుసను పాఠ ప్రతిలో చేర్చవచ్చు. ప్రతి అడుగు దగ్గర ఈ పరికరం ఎవరిది, ఎవరు ఒప్పుకున్నారు అన్న సమాధానం అందులో ఉంటుంది. దాడిని చూపిన ప్రతి పాఠమూ దాన్ని అడ్డుకునే అమరికతో ముగియడం అందులో రెండవ నియమం కావాలి.

7. ముగింపు

సార్వత్రిక విశ్వవిద్యాలయం పరిశీలనను నేర్పింది, అమీర్‌పేట వేగాన్ని నేర్పింది, బహుభాషా పథకాలు తెరకూ గొంతుకూ పొందిక నేర్పాయి. వైర్‌లెస్ భద్రతా పరీక్షకు తెలుగులో మంచి వీడియో పాఠం రావాలంటే ఈ మూడూ కలవాలి. ఇప్పటివరకు అవగాహన ధార తెలుగులో ఉండి పద్ధతి లేకుండా, శిక్షణ ధార పద్ధతి ఉండి బాధ్యతను ఇంగ్లీషు హెచ్చరికకు వదిలి, వేర్వేరుగా సాగాయి. వాటి మధ్య ఖాళీలో నిలబడినవాడు జిల్లా నుంచి వచ్చి మాదాపూర్ వసతి గృహంలో దిగిన విద్యార్థి. అతనికి ఆదేశాలు తెలుసు, చట్టపు గీత తెలియదు. ఒక్క రాత్రి సరదా అతన్ని పరీక్షకునిగా కాక నిందితునిగా నిలబెట్టవచ్చు.

ప్రమాణాలు మారుతూనే ఉంటాయి. నేటి పాఠంలోని ఆదేశాలు కొద్ది ఏళ్లలో పాతబడతాయి. పాతబడనిది యజమానిని అడగాలన్న నియమం ఒక్కటే. దాన్ని విద్యార్థి తన భాషలో, ఆదేశంతో పాటే వినడం ఈ పాఠాలకు కొలమానం కావాలి.